మహేంద్రతనయ వెంట ఊళ్ళు: గ్రామ కమిటీలను ప్రాంతీయ వేదికగా కలపడం గురించి

మీ ప్రశ్నను క్లుప్తంగా తిరిగి చెప్పి మొదలుపెడతాను. శ్రీకాకుళం జిల్లా మందస కొండల్లో అడవిని కాపాడుకుంటున్న సవర గిరిజన ఆవాసాలు కొన్ని, సోంపేట బీల (చిత్తడి నేల) మీద ఆధారపడి సేద్యం చేసే గ్రామాలు కొన్ని, బారువ వైపు మత్స్యకార పల్లెలు రెండు ఉన్నాయి. అన్నిచోట్లా ఊరి కమిటీలు పనిచేస్తున్నాయి. ఆపద వచ్చినప్పుడు అందరూ ఒకచోట చేరతారు, అది తీరాక ఎవరి దారి వారిదే. ఇప్పుడు ఒక సంస్థ వచ్చి, వీటన్నిటినీ ‘వాతావరణ న్యాయ వేదిక’గా రిజిస్టరు చేస్తే మూడేళ్ళు నిధులు ఇస్తామంటోంది. రిజిస్టరు చేయాలా, వేదికలో ఎవరు కూర్చోవాలి, ఊళ్ళను కలిపి ఉంచేదేమిటి, వాతావరణ న్యాయం సమావేశాల్లో ఎలా చర్చకు రావాలి, ఒడిశా వైపు గ్రామాలను కలుపుకోవచ్చా అని మీరు అడిగారు.

సమాధానం ముందు చెప్పి కారణాలు తరువాత వివరిస్తాను. ఇప్పటికి రిజిస్ట్రేషన్ వద్దు. వేదికకు నిర్ణయాధికారం అసలే వద్దు. నిర్ణయం ఊరి గ్రామసభలో జరగాలి. దాన్ని ఎగువ ఊరికి, దిగువ ఊరికి, తహసీల్దారు కార్యాలయానికి, అవసరమైతే పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచి దాకా మోసుకెళ్ళడమే వేదిక పని. చాలా ప్రాంతీయ వేదికలు దీన్ని తలకిందులు చేస్తాయి. జిల్లా కేంద్రంలో కార్యవర్గం ఏర్పడుతుంది, అది పత్రికా ప్రకటన ఇస్తుంది, అందులో ఏముందో ఊళ్ళకు మర్నాడు పేపరు చూస్తే తెలుస్తుంది. అలాంటి వేదిక నోరు మూయించాలంటే కార్యవర్గంలో నలుగురిని పిలిచి మాట్లాడితే సరిపోతుంది. ముప్పై గ్రామసభల తీర్మానాలు చేతిలో ఉన్న వేదిక విషయంలో అది కుదరదు, ఎందుకంటే తీర్మానాన్ని వెనక్కి తీసుకునే అధికారం ఆ నలుగురికీ ఉండదు.

ముందు హద్దు సంగతి. మండలాన్నో జిల్లానో హద్దుగా పెట్టుకోకండి. మీ మూడు రకాల ఊళ్ళనూ కలుపుతున్నది మహేంద్రతనయ, దాని చుట్టూ దిగే గెడ్డలు (కొండవాగులు). మహేంద్రగిరి ప్రాంతంలో పుట్టిన ఆ నది ఒడిశాలోని గజపతి జిల్లా దాటి మన వైపు వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. కొండవాలు మీద చెట్టు పోతే గెడ్డల్లో మట్టి దిగుతుంది, ఆ మట్టి బీలను పూడుస్తుంది, బీలలో నీరు నిలవకపోతే చుట్టూ బావులు త్వరగా అడుగంటుతాయి, నదిలో నీరు తగ్గితే అది సముద్రంలో కలిసే మొగ పూడుకుపోయి పడవలకు ఇబ్బంది మొదలవుతుంది. ఈ వరుసలో ఉన్న ఊళ్ళకు ఒకరితో ఒకరికి నిజమైన పని ఉంటుంది. కేవలం ఒకే మండలంలో ఉన్నందువల్ల కలిసిన ఊళ్ళకు వేదిక సమావేశంలో మాట్లాడుకోవడానికి ఎమ్మెల్యే గురించి తప్ప మరో విషయం ఉండదు.

ఇది నా సొంత ఊహ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో రైతుల భాగస్వామ్యంతో భూగర్భ జలాల నిర్వహణ పథకం ఒకటి 2000 దశకంలో నడిచింది. ఏపీఫామ్‌గ్స్ అన్న పొట్టిపేరుతో దాన్ని పిలిచేవారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, స్థానిక స్వచ్ఛంద సంస్థల ద్వారా అది ఆరువందలకు పైగా ఆవాసాల్లో సాగింది. అందులో నేర్చుకోవలసిన విషయం నిర్మాణం. ప్రతి ఆవాసంలో స్త్రీ పురుషులతో భూగర్భ జల కమిటీ ఉండేది. ఒక వాగు పరీవాహకంలోకి వచ్చే ఆవాసాల కమిటీలన్నీ కలిసి పై స్థాయి కమిటీగా ఏర్పడేవి. అంటే మండలం గీతను పక్కన పెట్టి, వాగు గీసిన గీత మీద సమాఖ్య కట్టారు.

ఆ సమాఖ్యలను నిలబెట్టిన పని చూడటానికి చాలా చిన్నది. బోరు పైపు కింద డ్రమ్ము పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసి పుస్తకంలో రాసేవారు. ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచేవారు. ఊళ్ళో వర్షమాపకం పెట్టి వాన పడ్డ ప్రతిరోజూ లెక్క రాసేవారు. ఖరీఫ్ అయ్యాక, రబీ విత్తనం వేయడానికి ముందు, ఆ ఏడాది వానకు భూమిలోకి ఎంత నీరు ఇంకిందో, రైతులు వేయాలనుకుంటున్న పంటలకు ఎంత కావాలో పక్కపక్కన పెట్టి అందరి ముందూ చదివేవారు. దీన్ని పంటల నీటి బడ్జెట్ అన్నారు. వరి వేయవద్దని ఎవరినీ ఎవరూ శాసించలేదు, బోర్లకు తాళాలు వేయలేదు. అయినా లోటు కళ్ళెదుట కనబడ్డ చోట్ల చాలామంది తడి తక్కువ అడిగే పంటలకు మారారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టానికి శిక్షించే అధికారాలు ఉన్నాయి. కానీ పొరుగు రైతు ముందు పెట్టిన లెక్కకు ఉన్నంత పట్టు ఏ నోటీసుకూ ఉండటం నేను చూడలేదు.

మీ వేదికకు కూడా మొదటి ఏడాది ఇలాంటి కొలత పనే పెట్టండి. కొండ మీద ఒక వర్షమాపకం, గెడ్డ దిగేచోట ఒకటి, బీల ఒడ్డున ఒకటి, తీరంలో ఒకటి చాలు. బీలలో నీటిమట్టానికి రంగు గీతల స్తంభం పాతండి. ప్రతి పౌర్ణమికి ఎంపిక చేసిన బావుల లోతు కొలవండి. ఈ అంకెలన్నీ నెలకొకసారి ఒకే కాగితం మీదికి వచ్చి ప్రతి ఊరి రచ్చబండ దగ్గరా అతికించాలి. కొలిచేవారికి పదో తరగతి చదువు ఉంటే చాలు, కొలిచే రోజు తప్పకపోవడం ముఖ్యం. రెండు వానాకాలాల లెక్క చేతికొచ్చాక, బీల బంజరు భూమి అని ఎవరైనా కాగితం మీద రాసినప్పుడు మీ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

బీల విషయంలో ఆ జవాబు ఎంత అవసరమో మీ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. సోంపేటలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే జాతీయ పర్యావరణ అప్పీళ్ళ ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బయటివారికి కాల్పులు గుర్తుండిపోయాయి. అనుమతి రద్దు కావడానికి మాత్రం, అక్కడున్నది పనికిరాని నేల కాదనీ చిత్తడి నేల అనీ ఓపికగా కూడగట్టి అధికార సంస్థ ముందుంచిన ఆధారాలు కీలకమయ్యాయి. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో అలాంటి నేల మీదే, అంతే సామర్థ్యం గల మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్ళీ కాల్పులు జరిగాయి. ఆ పక్కనే తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఏటా వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. ఒకచోట తయారైన అడంగల్ నకళ్ళు, ఉపగ్రహ పటాలు, చేపల, పక్షుల జాబితాలు, న్యాయవాది రాసిన వాదన మరోచోటికి వారంలో చేరేలా చూడటం కంటే ప్రాంతీయ వేదికకు పెద్ద పని ఏముంటుంది?

ఇందులో గడువుల లెక్క ఎవరో ఒకరికి కంఠతా వచ్చి ఉండాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, బహిరంగ విచారణ జరపాలంటే కాలుష్య నియంత్రణ మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. 30 రోజులంటే ఎక్కువే అనిపిస్తుంది గానీ, పూర్తి నివేదిక వందల పేజీలు ఉంటుంది. దాన్ని అధ్యాయాలవారీగా పంచుకుని, నీటి అధ్యాయం బీల రైతులూ, చేపల అధ్యాయం మత్స్యకారులూ, అడవి అధ్యాయం సవర యువకులూ చదివి అబద్ధాలు గుర్తుపెట్టడం ఒక్క ఊరి వల్ల అయ్యే పని కాదు. అనుమతి వచ్చేశాక హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు ఉంటాయి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ట్రిబ్యునల్ మన్నించవచ్చు. ఆ తొంభై రోజులు దాటితే, ఎంత న్యాయమైన ఫిర్యాదైనా అప్పీలు రూపంలో వినేవారు ఉండరు.

ఇక కొండ మీది సంగతి. ఇక్కడ ఒక మెలిక ఉంది, బయటినుంచి వచ్చే సంస్థలు తరచుగా దీన్ని గమనించవు. మందస కొండల్లోని సవర గ్రామాలు చాలావరకు, రాజ్యాంగం గిరిజనులకు ప్రత్యేక రక్షణ ఇచ్చే ఐదో షెడ్యూలు ప్రాంతంలో లేవు. కనుక షెడ్యూలు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం గాని, గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించే, 1/70గా పేరుపడ్డ భూబదలాయింపు నిబంధన గాని, షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997 జులైలో సుప్రీంకోర్టు సమతా కేసులో ఇచ్చిన తీర్పు గాని వారికి నేరుగా వర్తించవు. సీతంపేట ఏజెన్సీలో పనిచేసి వచ్చిన కార్యకర్త అక్కడి పాఠాన్నే ఇక్కడ చెబితే ఊరివారు తహసీల్దారు ముందు చిన్నబోతారు. అయితే 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూలు ప్రాంతమా కాదా అన్న తేడా లేదు. సామాజిక అటవీ వనరును, అంటే ఊరు సంప్రదాయంగా వాడుకునే అడవిని, కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఆ చట్టం ప్రకారం మీ సవర ఆవాసాలకూ ఉంది. 2012లో సవరించిన నిబంధనలు, రికార్డుకెక్కని చిన్న ఆవాసాలను కూడా జాబితా చేయాలని స్పష్టంగా చెబుతున్నాయి. కాబట్టి పంచాయతీ కార్యాలయంలో కూర్చుని మొత్తం పంచాయతీకి ఒకే గ్రామసభ అంటే ఒప్పుకోకండి. సభకు సభ్యుల్లో సగం మంది హాజరు కావాలి, వచ్చినవారిలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. వ్యక్తిగత పట్టాలకు ఫారం ‘ఎ’ నింపి అక్కడితో ఆగిపోయిన ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. అడవి మీద ఊరంతటి హక్కుకు కావలసింది ఫారం ‘సి’.

ఆ నిబంధనల్లోనే వేదిక పుట్టగలిగిన చోటు ఒకటి ఉంది. రెండు ఊళ్ళ సంప్రదాయ హద్దులు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు, ఆ రెండు ఊళ్ళ అటవీ హక్కుల కమిటీలు ఉమ్మడిగా కూర్చుని, తేల్చిన విషయాన్ని రాతపూర్వకంగా తమ తమ గ్రామసభల ముందు పెట్టాలని అవి చెబుతాయి. అంటే పొరుగు ఊళ్ళ ఉమ్మడి సమావేశాన్ని చట్టమే అడుగుతోంది. ఫలానా వాగు నుంచి ఫలానా బండ దాకా మీది, అటు మాది, మధ్యలో ఉన్న ఇప్పచెట్ల తోపు ఇద్దరిదీ అని నడిచి చూసి, జీపీఎస్‌తో గుర్తుపెట్టి, రెండు ఊళ్ళ పెద్దలూ ఆడవాళ్ళూ వేలిముద్రలు వేసిన కాగితం మీద నిలబడే సంబంధం, హోటల్ హాలులో రెండు రోజుల వర్క్‌షాపు తరువాత ఏర్పడే సంబంధం కంటే గట్టిది. పైగా హద్దు తగాదా తెగని ఊళ్ళను ఎవరైనా ఒకరిమీదికి ఒకరిని ఉసిగొల్పగలరు. అందుకని వేదిక ఆవిర్భావ సభ పెట్టేముందు ఈ హద్దు నడకలు పూర్తిచేయండి. కొన్నిచోట్ల నెలలు పడుతుంది. పట్టనివ్వండి.

ఇది పెద్ద ఎత్తున సాధ్యమా అని అనుమానం వస్తే, తెలంగాణకు ప్రాణహిత అవతల ఉన్న గడ్చిరోలి జిల్లాను చూడండి. 2009లో మెండా-లేఖా గ్రామం సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామాజిక హక్కు పొందడం అందరికీ తెలిసిన కథ. అంతగా ప్రచారం లేనిది కోర్చి తాలూకా అనుభవం. అక్కడ 90 గ్రామసభలు కలిసి మహాగ్రామసభగా ఏర్పడ్డాయి. ప్రతి గ్రామసభ ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పురుషులను పంపుతుంది, తనవంతు రుసుము కడుతుంది. తునికాకు వేలాన్ని ఊళ్ళు కలిసి నిర్వహించుకోవడం వల్ల కాంట్రాక్టరు ఒక ఊరి ధరను చూపి మరో ఊరిని తగ్గించే దారి మూసుకుపోయింది. వారిని కలిపి ఉంచేది ఏటా చేతికొచ్చే ఆకు డబ్బే. గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు వ్యతిరేకించే బలం కూడా ఆ అలవాటు నుంచే వచ్చింది. మీకు తునికాకు అంతగా లేకపోవచ్చు; జీడిపిక్క, చింతపండు, అడ్డాకు, కొండచీపుర్లు ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని, రెండు మూడు ఊళ్ళ సరుకు ఒకే తూకం మీద, ఒకే ధరకు అమ్మడం మొదలుపెట్టినా చాలు. వ్యాపారానికి చట్టబద్ధ రూపం కావలసి వస్తే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. ఆ సంఘాన్ని వేదికతో కలిపేయకండి. సరుకు లెక్కలు, ఉద్యమం లెక్కలు ఒకే పుస్తకంలో ఉంటే రెండూ చెడతాయి.

నిర్ణయం ఊళ్ళోనే ఉండాలని పట్టుబట్టడానికి అతి పెద్ద ఆధారం కూడా మన పొరుగునే ఉంది. ఒడిశాలోని నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకం విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ వానాకాలంలో రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు గ్రామసభలు జరిగి, పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండ మీది గిరిజనులైన డోంగ్రియా కోందుల వెనుక దేశవిదేశాల సంఘీభావం ఎంతో ఉండవచ్చు. కానీ లెక్కకు వచ్చింది కొండ మీది ఊళ్ళలో న్యాయమూర్తి సమక్షంలో నమోదైన మాటలే.

వాతావరణ న్యాయం అన్నది మీ ఊళ్ళ సమావేశంలో ఎలా చర్చకు రావాలని అడిగారు. ధ్రువాల మంచు దగ్గర మొదలుపెట్టనవసరం లేదు, 2018 అక్టోబరు 11 నుంచి మొదలుపెట్టండి. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, మీ తీరప్రాంతపు తోటల నేల అయిన ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. పరిహారం జాబితాలు భూమి కాగితం ఉన్నవాడి పేరుతో మొదలవుతాయి. విపత్తు సాయం నిబంధనల్లో పంటనష్టం 33 శాతం దాటాలి. కౌలుకు తోట చేసినవాడు, కొబ్బరికాయ దింపే కూలి, పలాస కర్మాగారాల్లో జీడిపప్పు ఒలిచి రోజు కూలి తెచ్చుకునే ఆడమనిషి, కొండవాలున పట్టా లేకుండా జీడి పెంచిన సవర కుటుంబం, వీళ్ళ నష్టానికి ఏ గడిలోనూ చోటుండదు. వేడిని పెంచినవారిలో వీళ్ళ వాటా దాదాపు శూన్యం, దెబ్బలో వాటా మొత్తం. దీన్ని సూత్రంగా చెప్పడం తేలిక. వేదిక చేయగలిగిన పని మాత్రం ఒక రిజిస్టరు: ప్రతి ఏటా సెప్టెంబరు లోపల, తుపానుల కాలం రాకముందే, ఊరివారీగా ఎవరి తోట ఎవరు చేస్తున్నారు, ఎన్ని చెట్లు, ఏ వయసువి, ఎవరి పడవ, ఎన్ని వలలు, ఎవరు ఏ పనిమీద బతుకుతున్నారు అన్నది తేదీ ఉన్న ఫోటోలతో సహా రాసిపెట్టాలి. గ్రామసభ ఆమోదించిన ఒక ప్రతి ఊళ్ళో, ఒక ప్రతి తుపాను తాకని దూరంలో మరో ఊరివద్ద ఉండాలి. తీరం ఊళ్ళ రిజిస్టరు కొండ ఊళ్ళలో దాచడం మంచిది. కౌలు రైతులకు 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రాలు తీయించడం కూడా ఆ నెలల్లోనే జరగాలి. తుపాను వెళ్ళాక యజమాని సంతకం పెట్టడు.

రెండో సంగతి, పర్యావరణం పేరుతోనే వచ్చే ప్రాజెక్టులు. అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల చుట్టుపక్కల పెదకోట, రైవాడ, కురుకుట్టి, కర్రివలస వంటి చోట్ల పంప్డ్ స్టోరేజి (నీటిని పైకి ఎత్తిపోసి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే) జలవిద్యుత్ ప్రాజెక్టులకు 2022లో రాష్ట్ర ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. సౌరవిద్యుత్తును నిలవచేయడానికి ఇవి అవసరమన్న వాదనలో పస లేకపోలేదు. కానీ ఆ కొండల మీది గిరిజనులు, తమ గ్రామసభలను అడగకుండా జరిగిన కేటాయింపులను ప్రశ్నించినప్పుడు, వారిని పర్యావరణ వ్యతిరేకులన్నట్టు మాట్లాడేవారిని చూశాను. బొగ్గు కేంద్రానికి ఉండాల్సిన అనుమతుల పద్ధతే నీటి బ్యాటరీకీ ఉండాలి, ఇందులో దాపరికం అక్కర్లేదు. చెట్లు పీల్చుకున్న కార్బన్‌ను లెక్కగట్టి కంపెనీలకు అమ్మే కార్బన్ క్రెడిట్ ఒప్పందాలు కూడా మీ జీడితోటల దాకా వస్తాయి. ఇరవై, ముప్పై ఏళ్ళు నడిచే కాగితం మీద రైతు ఒంటరిగా సంతకం పెట్టకూడదన్న నియమం వేదిక మొదటి ఏడాదే చేసుకోవాలి. తుపానుకు చెట్లు పడిపోతే బాధ్యత ఎవరిది, అమ్మకపు ధరలో రైతు వాటా ఎంత, ఆ భూమిలో కట్టెలు ఏరుకునేవారి హక్కు ఏమవుతుంది అన్న మూడు ప్రశ్నలకు తెలుగులో, రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు ఆగాలి.

సమావేశాల గురించి కొంచెం. సవర ఆడవాళ్ళు సంతకు దిగిన రోజున, సంత ఊళ్ళోనే సమావేశం పెట్టడం మేలు. పొద్దున వాళ్ళు సరుకు అమ్ముకోవాలి కనుక మధ్యాహ్నం తరువాత మొదలుపెట్టి, ఆఖరి ఆటో వెళ్ళేలోపు ముగించాలి. తీరం ఊళ్ళకు సంబంధించిన పెద్ద నిర్ణయాలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలంలో పెట్టుకుంటే మగవాళ్ళు ఊళ్ళో ఉంటారు. తక్కిన కాలంలో చేపలు అమ్మే ఆడవాళ్ళే నిజమైన సభ్యులు, వాళ్ళ వీలే చూడాలి. మాట్లాడే వరుస కొండ నుంచి మొదలవ్వాలి. దీనికి కారణం మర్యాద ఒక్కటే కాదు. భూమి, చదువు, పార్టీ పరిచయాలు ఉన్న బీల గ్రామాల పెద్దలు ముందు మాట్లాడితే, సవరలు, మత్స్యకారులు, దళిత కూలీలు ‘వారు చెప్పినట్టే’ అని కూర్చుంటారు, తీర్మానం ఏకగ్రీవం అయిపోతుంది. సవర భాషలో చెప్పిన మాట సవరలోనే చెప్పనిచ్చి, తెలుగులో తిరిగి చెప్పేవారిని పక్కన కూర్చోబెట్టండి. ఉద్దానంలో ఏ సమావేశం పెట్టినా మాట అక్కడ చాలామందిని పీడిస్తున్న కిడ్నీ జబ్బు మీదికి వెళ్తుంది, వెళ్ళాలి కూడా. అయితే కారణం ఇదేనని శాస్త్రీయంగా తేలని విషయాన్ని వేదిక పేరుతో ప్రకటించకండి. మంచినీటి హక్కు అడగడానికి కారణం తేలేదాకా ఆగనవసరం లేదు.

డబ్బు, రిజిస్ట్రేషన్. మీకు నిధులిస్తామంటున్న సంస్థ సొమ్ము విదేశాలనుంచి వచ్చేదైతే, 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి జరిగిన సవరణను అడిగి తెలుసుకోండి. ఆ సవరణ తరువాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ తెచ్చి చిన్న సంఘాలకు పంచే పాత పద్ధతి దానితో ముగిసింది. కాబట్టి ఆ సంస్థ తన ఉద్యోగులతో, తన ఖర్చుతో, తన లెక్కలతో మీ మధ్య పనిచేయాలి. అప్పుడు వేదిక ఎవరిదన్న ప్రశ్న రెండో ఏడాదే తలెత్తుతుంది. రిజిస్టరు చేసిన మరుక్షణం అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కావాలి, బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు కావాలి, ఆ పదవులు ఏ ఊరికి, ఏ కులానికి అన్నది హద్దు తగాదా కంటే ముందు తెగాలి. మొదటి రెండేళ్ళు ఊరికి ఇంత అని చందా వేసుకోండి. ఇంటికి ఏడాదికి పది రూపాయలైనా సరే, ఊరు కట్టింది అన్న రసీదు ఉండాలి. ఆ సంస్థను నిధుల బదులు శిక్షణ, వర్షమాపకాలు, న్యాయవాది ఫీజు వంటి వస్తురూప సాయం అడగండి. ఇవ్వలేమంటే వారికి వేదిక కావాలి గాని మీ ఊళ్ళు అక్కర్లేదని అర్థం.

ఉద్యమం లేని ఏళ్ళలో ఊళ్ళు ఎలా కలుస్తాయన్నది మీరు పైపైన అడిగినా అసలు చిక్కు అదే. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు పాత పంటల జాతర అని సంక్రాంతి నుంచి దాదాపు నెలరోజులు జరుపుతారు. అలంకరించిన ఎడ్లబండ్ల మీద చిరుధాన్యాల, పప్పుల పాత విత్తనాలు ఊరూరా వెళ్తాయి, ప్రతి ఊరూ బండిని ఎదుర్కొని ఆతిథ్యం ఇస్తుంది, విత్తనాలు చేతులు మారతాయి, సాగు సంగతులు చర్చకు వస్తాయి. 2008లో మొదలైన వారి సంఘం రేడియో కూడా ఆ ఊళ్ళ మాటలతోనే నడిచింది. ఒక ఊరి పిలుపు మీద మరో ఊరు వెళ్ళే అలవాటు ఉన్నచోట నోటీసు అచ్చువేయనక్కరలేదు. మీకు కొండ మీద కందికొత్తల పండుగ ఉంది, తీరంలో గంగమ్మ సంబరం ఉంది. వాటిని వేదిక కార్యక్రమాలుగా మార్చి బ్యానర్లు కట్టకండి. వాటికి ఒకరి ఊరికి మరొకరు వెళ్ళండి, వెళ్ళేటప్పుడు ఆ నెల వాన లెక్క కాగితం తీసుకెళ్ళండి.

చివరగా, ఒడిశా వైపు ఊళ్ళు. తప్పక కలుపుకోవాలి, ఎందుకంటే మహేంద్రతనయ పైభాగం వారి చేతిలో ఉంది, అక్కడి సవరలకు మన సవర ఊళ్ళతో పెళ్ళిసంబంధాలు ఉన్నాయి. అయితే సభ్యత్వం ఇచ్చి ఒకే వేదికగా చేయకండి. నదీజలాల మాట ఎత్తితే వంశధార గుర్తుకొస్తుంది. దాని మీద వేసిన ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో నివేదిక ఇచ్చాక కూడా రెండు రాష్ట్రాల మధ్య పేచీ నడిచింది. ఉమ్మడి సంఘం అని బోర్డు పెడితే, అటువారిని ఆంధ్ర మనుషులని, ఇటువారిని ఒడిశా మనుషులని అనేవారు వెంటనే పుట్టుకొస్తారు. చట్టపరంగానూ దారులు వేరు: మన జిల్లా కేసు హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి చెన్నై వెళ్తుంది, గజపతి జిల్లా కేసు తూర్పు బెంచికి కోల్‌కతా వెళ్తుంది. అందుకని అటువైపు వారిది వారి గ్రామసభల కూటమి, మీది మీది. రెండిటికీ మధ్య వాన లెక్కలు, నీటిమట్టాలు, ప్రాజెక్టు ప్రకటనల నకళ్ళు నడవాలి. ఒకే ప్రాజెక్టు మీద రెండు బెంచీలకూ వెళ్ళాల్సి వస్తే, రెండు పిటిషన్లలోనూ అదే కొలతల పట్టిక అనుబంధంగా ఉండేలా ఇప్పటినుంచే ఒకే నమూనా పుస్తకంలో, తెలుగు, ఒడియా రెండు లిపుల్లో శీర్షికలు వేసి అచ్చువేయించండి.